ఏడో నంబరు గడి

జగిత్యాల,
మార్చి 4, 2025

బావకు,

దండాలు. చేతిలో ఫోన్ పెట్టుకుని ఉత్తరం రాస్తున్నాడేమిటి, వీడికి పిచ్చి ముదిరిందా అని నువ్వు అనుకునే లోపే కారణం చెప్పేస్తాను. నలభై ఏళ్లు సాంచాల మధ్య నిలబడి నీ చెవులు ఆ మరమగ్గాలకే ఇచ్చేశావు. నీతో ఫోన్‌లో మాట్లాడాలంటే నువ్వు స్పీకర్ పెట్టాలి, నేను అరవాలి. పోయిన నెల విరేచనం సాఫీగా అవుతోందా అని అడిగిన పాపానికి మీ వాడలో ముగ్గురు ఆడవాళ్లు నీకు ఆముదం పంపారని అక్క చెప్పింది. ఇకమీదట మనిద్దరికీ కాగితమే మర్యాద.

అసలు సంగతి ఏమిటంటే, నీ బామ్మర్ది పెద్దవాడయ్యాడు. సర్కారు ఆరోగ్య బీమాను ఇంకా ఎక్కువమందికి ఎలా అందించాలో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లో జనం అభిప్రాయం తీసుకోవాలట. ఆ పని చూసే సీనియర్ అసిస్టెంట్‌ని నేనే. కమిటీ ముందు నాలుగు దారులు ఉన్నాయి. ఒకటి, ఒక్కో కుటుంబానికి ఏడాదికి ఇచ్చే వైద్యం పరిమితి పెంచడం. రెండు, ఆ బీమా కార్డు లేని మధ్యతరగతి వాళ్ల దగ్గర కొంత చందా తీసుకుని వాళ్లనూ చేర్చడం. మూడు, ఆపరేషన్లకే కాకుండా మామూలు జబ్బులకు, పరీక్షలకు, మందులకు కూడా కార్డు నడిచేలా చేయడం. నాలుగు, కార్డు ఉండకూడనివాళ్లను ఏరి తీసేసి, మిగిలిన దాంతో లేనివాళ్లకు ఇవ్వడం. నా ఓటు నాలుగో దానికే. రాళ్లు ఏరకుండా బియ్యం ఎసట్లో పోస్తే విరిగేవి మన పళ్లే కదా.

ఫారం నేనే తయారు చేశాను. పన్నెండు ప్రశ్నలు. ఏడో ప్రశ్నకు మా సారు నా భుజం తట్టాడు: "మీ కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగి ఎవరైనా ఉన్నారా? ఉంటే పేరు, హోదా రాయండి." ఉద్యోగుల ఇళ్లకు వేరే కార్డు ఉంది కాబట్టి ఈ ఒక్క గడితో రాళ్లన్నీ బయటపడతాయి.

యాభై ఫారాలు పంపుతున్నాను. మీ షెడ్డువాళ్లతో నింపించు. ఒక్క గడి కూడా ఖాళీగా ఉండకూడదు, ఉంటే ఆ ఫారం తిరిగి నీ ఇంటికే వస్తుంది.

అక్క మొన్న ఫోన్‌లో రెండు మాటలకే ఆగిపోయింది. శివరాత్రికి రాలేదని నా మీద కోపమా? కనుక్కుని రాయి.

నీకున్న ఒక్కగానొక్క బామ్మర్ది,
దివాకర్


సిరిసిల్ల,
మార్చి 16

సీనియర్ అసిస్టెంట్ గారికి, అనగా మా దివాకర్‌కు,

నీ ఉత్తరం తెచ్చిన పోస్ట్‌మ్యాన్‌ని చూసి కోర్టు నోటీసు అనుకుని మీ అక్క తలుపేసింది. "మొగడు ఇంట్ల లేడు" అని లోపలి నుంచి కేక కూడా పెట్టిందట. నేను ఆ పక్కనే కూర్చుని చాయ్ తాగుతున్నాను, నాకేమో వినబడలేదు.

నా రాత చూసి నవ్వకు. చదివింది ఏడో తరగతే అయినా ఇన్నేళ్లుగా పొద్దున్నే లైబ్రరీలో పేపరు తిరగేసినవాణ్ణి. నోటికి మన మాట వస్తుంది, చేతికి పేపరు మాట వస్తుంది.

నీ నాలుగు దారులనూ షెడ్డులో వినిపించాను. వినిపించాను అంటే చూపించాను. సాంచాలు నడిచేటప్పుడు మాలో ఎవరూ చెవులతో వినరు, పెదవులు చూసి మాట్లాడుకుంటాం. పరిమితి పెంచుతారు అంటే భూమేశ్ అన్నాడు: "బాయి లోతు జేసుడు మంచిదే. మరి బొక్కెన ఎవలిస్తరు?" చందా అంటే ఇంకొకడు లేచాడు. మాకు సర్కారు చీరల ఆర్డర్ ఉన్నప్పుడు నాలుగు నెలలు పని, తర్వాత పేకాట. "పనున్న నెలల చందా కడుతం. రోగాన్ని గూడ గా నెలలనే రమ్మని రాయుమను." మూడో దారికి మాత్రం అందరూ చేతులెత్తారు. మా రోగాలు ఆపరేషన్ దాకా ఎదగవు. దగ్గు, నడుము నొప్పి, చెవుడు. నా చెవి మిషన్‌కు కార్డు నడవదట. చెవులు కోయించుకుంటే నడుస్తుందేమో మీ సారును అడుగు.

నాలుగో దారికి ఎత్తిన చేతులన్నీ కిందికి దిగాయి. భూమేశే అడిగాడు. "గిది రాయి, గిది బియ్యం అని జెప్పేటోడు ఎవడు?" మా బామ్మర్ది అన్నాను. అప్పుడు అందరూ నవ్వారు.

మన ఇంటి ఫారం సంగతి చెబుతాను విను. ఏడో గడిలో నేను 'లేరు' అని రాయబోతే మీ అక్క పెన్ను గుంజుకుంది. "లేరని ఎట్ల రాస్తవ్? మా తమ్ముడు సర్కారు నౌకరి జేస్తలేడా?"

"వాడు మన ఇంట్ల ఉంటలేడు గదనే."

"ఇంట్ల లేకుంటే ఇంటోడు కాకుండ పోతడా? మా నాయిన సచ్చినంక నీ కాళ్లు కడిగి నన్ను నీ చేతుల పెట్టింది గాడు కాదా?"

నా కాళ్ల మాట వచ్చాక ఫారం ఆమె ముందుకే జరిపాను. 'దివాకర్, సీనియర్ అసిస్టెంట్' అని ఎంత పెద్దగా రాసిందంటే ఆ గడి నిండి, ఎనిమిదో గడి కూడా నీ పేరే మింగేసింది. ఖాళీ ఉండొద్దని నువ్వే అన్నావు కదా.

ఆమెకు నీ మీద కోపం ఏమీ లేదు. బాగానే ఉంది. బట్టలు ఆరేయడానికి మిద్దె ఎక్కడం మానేసింది, అంతే. వయసు అంటోంది.

కాళ్లు కడిగించుకున్నవాడు,
లింగన్న


కోరుట్ల,
ఏప్రిల్ 5

బావా,

పది రోజులుగా కోరుట్లలో మకాం. ఒక బడి గదిలో బల్ల వేసుకుని కూర్చున్నాను. నెత్తి మీద పంకా తిరుగుతుంది కానీ గాలి రాదు. "సర్కారు పంకా గదా సార్, తిరుగుడు వరకే దాని డ్యూటీ" అంటాడు ఇక్కడి అటెండర్.

బీడీలు చుట్టే ఆడవాళ్లు ఒళ్లో చాటలతోనే వచ్చారు. నేను దారులు వివరిస్తుంటే వాళ్ల చేతులు ఒక్క క్షణం ఆగలేదు. సమ్మవ్వ అని ఒక ముసలామె, కొడుకు దుబాయిలో ఉంటాడు, నాలుగూ ఓపికగా విని ఆఖరున అడిగింది: "కొడుకా, గీ నాలుగు తొవ్వలల్ల దవాఖానకు పోయే తొవ్వ ఏది?" గదంతా ఒకటే నవ్వు. ఆ నవ్వులోనే ఆమె ఫారంలో 'అభిప్రాయం లేదు' అని రాసేశాను.

మీ ఫారం చూశాను. అక్క రాసిన ఏడో గడి చూసి నవ్వొచ్చింది, కొంచెం పొంగిపోయాను కూడా, అబద్ధం ఎందుకు. కుటుంబం అంటే ఒకే కార్డులో ఉన్నవాళ్లని అక్కకు చెప్పు. నేను దిద్దేస్తాలే. ఉత్త అభిప్రాయ సేకరణే కాబట్టి తొందరేమీ లేదు.

ఒక శుభవార్త. నాలుగో దారి మా సారుకు తెగ నచ్చింది. మాటలతో ఎందుకు, ఈ మూడు పట్టణాల్లో నడిపే చూద్దాం అన్నాడు. ఫారాలన్నీ కంప్యూటర్‌కు ఎక్కుతున్నాయి. నాకు ప్రమోషన్ ఖాయమని నీ చెల్లె ప్రణీత, అంటే మా ఇంటి అసలు ఆఫీసర్, అప్పుడే పక్కింట్లో చెప్పేసింది.

ఫోన్ ఎప్పుడు చేసినా అలేఖ్యే ఎత్తుతోంది. "అమ్మ పండుకుంది మామా" అంటుంది. పగటిపూట నడుము వాల్చే మనిషి కాదు మా అక్క. ఆ పిల్ల కాలేజీకి పోవడం లేదా?

కాబోయే సూపరింటెండెంట్,
దివాకర్


సిరిసిల్ల,
ఏప్రిల్ 20

దివాకర్,

నీకు చెప్పొద్దని మీ అక్క ఒట్టు పెట్టించుకుంది. ఫోన్‌లో చెప్పను అన్నాను, చెప్పలేదు. కాగితం సంగతి ఒట్టులో లేదు.

రెండు నెలలుగా ఆమెకు ఆయాసం. నాలుగు మెట్లు ఎక్కితే కూర్చునేది. నేను వయసు అనుకున్నాను, ఆమె గ్యాస్ అనుకుంది. పోయిన సోమవారం నీళ్ల బిందెతో గల్లీలోనే పడిపోయింది. పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. గుండెలో ఒక వాల్వ్ బిగుసుకుపోయిందట. మార్చాలి. రెండు నెలలు దాటనివ్వొద్దు అన్నాడు డాక్టర్. కార్డు ఉంటే అంతా ఉచితమే, భయం లేదు అన్నాడు.

కౌంటర్‌లో కార్డు ఇచ్చాను. అక్కడి పిల్లవాడు ఏదో అన్నాడు. నా చెవుల సంగతి తెలిసిందే కదా, మూడుసార్లు అడిగాను. విసుగొచ్చి కంప్యూటర్ తెర నా వైపు తిప్పాడు. 'అనర్హులు. ప్రభుత్వ ఉద్యోగి కుటుంబం' అని ఎర్ర అక్షరాలు. కింద నీ పేరు, నీ హోదా.

మీ అక్క ఆయాసపడుతూనే వంగి చూసింది. నీ పేరు చదివి ముఖం ఎంత వెలిగిందో నువ్వు చూడాల్సింది. "సూడు, గీడ గూడ మనోడే ఉన్నడు" అంది. మనల్ని బయటికి పంపింది ఆ పేరేనని ఆమెను బస్టాండ్‌లో కూర్చోబెట్టాకే చెప్పాను.

నిన్ను ఏమీ అనడం లేదు. అనాలని ఉంది కానీ మీ అక్క వింటే నన్నే అంటుంది. అలేఖ్య కాలేజీ మానేసి వాళ్లమ్మను చూసుకుంటోంది. నువ్వు నాలుగు దారులన్నావు. మాకు ఒక్కటి కావాలి.

లింగన్న


జగిత్యాల,
ఏప్రిల్ 24

బావా,

తప్పు నాది. వేరే మాట చెప్పను.

ఆ గడి నేను చూశాను, నవ్వుకున్నాను, దిద్దుతానని మరిచిపోయాను. నాలుగు దారులకు రంగు రంగుల పట్టిక తయారు చేయడంలో మునిగిపోయాను. ఈలోగా ఫారాలు కార్డులకు కలిపేశారు. ఏడో గడి నిండిన ప్రతి ఇంటికీ కార్డు ఆగిపోయింది. 'ఏరివేత విజయవంతం' అని నోట్ రాసింది కూడా నేనే. ఆ విజయంలో మా అక్క ఉందని నాకు తెలియదు.

ఆమెను నా ఉద్యోగి కార్డులో చేర్చమని సెక్షన్‌కు పరుగెత్తాను. కుదరదట. అందులో భార్య, పిల్లలు, తల్లిదండ్రులకే చోటు. తోడబుట్టినవాళ్లకు గడి లేదు. ఆమె కార్డు కొట్టేయడానికి మాత్రం నేను కుటుంబం. నా కార్డులో చేర్చడానికి ఆమె నాకు ఎవరూ కాదు. రెండు రూల్సూ ఒకే బిల్డింగులో, ఎదురెదురు గదుల్లో ఉన్నాయి. మధ్య వరండాలో నేను అటూ ఇటూ తిరిగాను.

చేతి నుంచి పెట్టి చేయిద్దామంటే నా దగ్గర ఉన్నదంతా ఊడ్చినా సగం కాదు. కార్డు తిరిగి తెరిపించడం ఒక్కటే మార్గం. దానికి ఒక ధ్రువీకరణ పత్రం ఉంది. ఉద్యోగి, కార్డు ఉన్న మనిషి, ఇద్దరూ సంతకం చేయాలి. ఈ కవర్లోనే పెట్టాను. అక్కతో సంతకం చేయించి వెంటనే పంపు.

దాచుకున్న ముచ్చట ఇంకొకటి ఉంది, నీకు ఒక్కడికే చెబుతున్నాను. నా ఉద్యోగి కార్డు గురించి ఊరంతా గొప్పలు చెప్పాను కదా. డిసెంబర్ నుంచి నా కుడి మోకాలు వంగడం లేదు. కార్డు పట్టుకుని రెండు ఆసుపత్రులకు పోతే ముందు చేతి నుంచి పెట్టుకోండి, తర్వాత బిల్లు పెట్టుకోండి అన్నారు. అప్పటి నుంచి కుంటుతున్నాను. శివరాత్రికి అందుకే రాలేదు. అక్కకు చెప్పొద్దు, ప్రణీతకైతే అసలే చెప్పొద్దు.

దివాకర్


సిరిసిల్ల,
మే 2

దివాకర్,

ఆ పత్రం రాసినవాడి చెయ్యి విరగ. అలేఖ్య చదివితే తెలిసింది, రాసినవాడివి నువ్వేనట, అడుగున చిన్న అక్షరాల్లో నీ పేరు ఉందట.

"శ్రీమతి కళావతి కుటుంబానికీ నాకూ ఎటువంటి సంబంధమూ లేదని, ఇకముందు కూడా ఉండబోదని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను." ఇకముందు కూడా ఉండబోదట! ఆ తోక ఎందుకు తగిలించావురా? పొలం గట్టు కాడ తలలు పగలగొట్టుకున్న అన్నదమ్ముల పాలివాళ్లు కూడా ఇట్లా రాసుకోరు.

మీ అక్క మంచం మీద లేచి కూర్చుంది. "ఇంకోపారి సదువు బిడ్డా" అంది. అలేఖ్య మళ్లీ చదివింది.

"గిది మా తమ్ముడు రాసిండా?"

"మామనే రాసిండమ్మా. అందరికీ గిదే కాయిదం. ఉత్త సంతకమే."

"నేను పెట్ట. గుండె ఆగితే ఆగనీ. తమ్ముడు లేనిదాన్నని రాసిచ్చి బతుకుడు ఎందుకు?"

నేను కల్పించుకున్నాను. "కాయిదం మీద రాస్తే రక్తం మారుతదానే?"

"మారకపోతే మరి ఎందుకు రాయాలె?"

దీనికి నీ దగ్గర జవాబు ఉంటే పంపు. ఆ తర్వాత ఇంకేదో అంది. నేను ఆమె మాట ఇన్నేళ్లుగా పెదవుల మీద చదువుతున్నవాణ్ణి. ఆమె గోడ వైపు తిరిగి అంది. నాకు అందకుండా ఆమె మాట్లాడడం అదే మొదటిసారి. అలేఖ్యను అడిగితే "ఏం లేదు నాయినా" అని వంటింట్లోకి పోయింది.

మీ అక్క పాదాలకు నీరు దిగింది. చెప్పులు పట్టడం లేదు. ఆ మాటలు మార్చి ఇంకో కాగితం పంపు. 'కార్డులు వేరు' అను, 'ఇళ్లు వేరు' అను. నువ్వు రాసిందే కదా, నువ్వు మార్చలేవా?

లింగన్న


జగిత్యాల,
మే 15

బావా,

మార్చలేను.

సారు దగ్గరికి పోయాను. "వేరు కుటుంబాలు అని రాస్తే చాలదా సార్?" అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు. "దివాకర్, గీ భాష నీదే గదయ్యా. అప్పుడు ఎంత గట్టిగ రాసినవని మెచ్చుకుంటి. ఇప్పుడు మార్చాలంటె కమిటీ కూసోవాలె." కమిటీ జూలైలో కూర్చుంటుంది. అక్క పాదాలు జూలై దాకా ఆగవు.

రూల్సు పుస్తకం మొదటి పేజీ నుంచి తిరగేశాను. ఒక చిన్న సందు దొరికింది. కార్డు ఉన్న మనిషి జబ్బుతో ఉంటే, ఉద్యోగి ఒక్కడే తహసీల్దార్ ముందు సంతకం చేసినా చెల్లుతుంది. నిన్న పోయి చేశాను. 'ఎటువంటి సంబంధమూ లేదని, ఇకముందు కూడా ఉండబోదని' పైకి చదవమన్నాడు. చదివాను. మధ్యలో రెండుసార్లు ఆగితే, ఎండలకు గొంతు ఎండిందనుకుని నీళ్ల సీసా ఇచ్చాడు. అక్కకు ఈ సంగతి ఎప్పటికీ తెలియకూడదు. కార్డు దానంతట అదే బాగైందని చెప్పు.

ఇంకో పని చేశాను. మూడు పట్టణాల్లో ఆగిపోయిన కార్డులన్నీ తీసి ఒక్కొక్క ఇంటికీ ఫోన్ చేశాను. వాటిలో ఎనభై ఒక్క ఇళ్లవాళ్లు ఏడో గడిలో అన్నల పేర్లు, బామ్మర్దుల పేర్లు, అల్లుళ్ల పేర్లు రాశారు. ఇంట్లో ఒకడికి సర్కారు నౌకరి ఉందంటే దాన్ని ఫారంలో దాస్తారా ఎవరైనా? పెళ్లి కార్డు మీద కూడా అచ్చు వేస్తారు. కోరుట్ల సమ్మవ్వ అయితే అక్కడి అటెండర్‌తో కొడుకు పేరు రాయించింది. దుబాయిలో వీధులు ఊడుస్తాడు. "గాడ గూడ సర్కారే గదా కొడుకా, జీతం గా సర్కారే ఇస్తది" అంది. ఆమెకు చక్కెర జబ్బు, కాలి పుండు. ఆమె కార్డూ పోయింది. ఆమె ఫారంలో 'అభిప్రాయం లేదు' అని రాసిన చేత్తోనే ఇవాళ ఆ మాట కొట్టేశాను.

నేను రాళ్లు ఏరుతున్నాననుకున్నాను. ఏరిందంతా బామ్మర్దులనే. ఈ సంగతంతా కమిటీకి నోట్ రాశాను. ఐదో దారి ఒకటి చేర్చాను: ఎవరు ఎవరికి ఏమవుతారని అడక్కుండా, రోగంతో వచ్చిన మనిషిని చూడడం. నా ప్రమోషన్ మీద ఇక ఆశ పెట్టుకోవద్దని ప్రణీతకు చెప్పాను. రెండు రోజులు ఉప్పు లేని పప్పు పెట్టింది. మూడో రోజు "మంచి పనే జేసినవ్ తీయ్" అంది.

దివాకర్


సిరిసిల్ల,
జూన్ 29

బామ్మర్దీ,

నువ్వు దవాఖాన నుంచి జగిత్యాలకు పోయినాక జరిగినవి రాస్తున్నాను. మీ అక్క లేచి నడుస్తోంది. నిన్న పక్కింటామెతో కొట్లాడింది, మధ్యలో ఒక్కసారి కూడా ఆయాసం రాలేదు. కొత్త వాల్వ్ గట్టిదే.

ఆ రోజు సంగతి నీతో నోటితో అనలేకపోయాను. ఆపరేషన్ ముందు డాక్టర్ నన్ను పిలిచి మంచి చెడ్డలు చెప్పాడు. ముఖానికి గుడ్డ కట్టుకున్నాడు. షెడ్డులో ఎంత మోత ఉన్నా పెదవులు చూసి అర్థం చేసుకునేవాణ్ణి, ఆ గుడ్డ ముందు మాత్రం గుడ్డివాణ్ణి అయ్యాను. ఆమె బతుకుతుంది అంటున్నాడో, బతకదు అంటున్నాడో తెలియక తల ఊపుతూ నిలబడ్డాను. నువ్వు కుంటుకుంటూ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, అంతా విని, నా వైపు తిరిగి మెల్లగా పెదవులతో చెప్పావు. నీ ముఖాన్ని అంత శ్రద్ధగా నేను ఎప్పుడూ చూడలేదు. మనిద్దరం ఆపరేషన్ కాగితం మీద సంతకాలు చేశాం. నీ సంతకం పక్కన 'రోగితో సంబంధం' అనే గడిలో నువ్వు రాసింది కూడా చూశాను. అప్పటికి నెల కిందటే సర్కారుకు ఏమని రాసిచ్చావో నాకు తెలుసు కాబట్టి, ఆ గడి చూసి నాకు ఏడుపొచ్చింది. బాత్రూంకని చెప్పి బయటికి వచ్చింది అందుకే.

ఇక చెడ్డ వార్త. డిశ్చార్జి ఫైలు నిండా కాగితాలే. మీ అక్క పనీ పాటా లేక ఒక్కొక్కటీ తీసి చూసింది. తహసీల్దార్ ముద్ర ఉన్నది దొరికింది. రెండు రోజులుగా ఆ మాటే ఎత్తడం లేదు. నాకు చాయ్ కూడా ఇవ్వడం లేదు. ఇవాళ అలేఖ్యను పిలిచి కాగితం, పెన్ను తెమ్మంది. నేను చెప్పాల్సింది చెప్పాను, నీ జాగ్రత్తలో నువ్వుండు.

మీ అక్క చేతిలో తర్వాత నా వంతు,
లింగన్న


జగిత్యాల,
జూలై 9

బావా,

అక్క ఉత్తరం ఇంకా రాలేదు. ప్రతి రోజూ పోస్ట్‌మ్యాన్‌ని చూసి నేను కూడా తలుపేసుకుంటున్నాను.

కమిటీ కూర్చుంది. ఏడో ప్రశ్న తీసేశారు. ఎనభై ఒక్క కార్డులూ తెరిచారు, సమ్మవ్వ కాలికి కట్టు కడుతున్నారట. మూడో దారి బాగుంది కానీ ఖర్చు అన్నారు. రెండోదాన్ని ఇంకా చదవాలన్నారు. నా ఐదో దారి చదివి మా సారు అన్నాడు: "గిది దారి కాదు దివాకర్, గిది మైదానం." అయినా కొట్టేయలేదు. ఫైలు పైకి పోయింది. పైన ఏమవుతుందో పైవాళ్లకు తెలియాలి. మనవాళ్లకు రోగాలు మాత్రం ఫైలు కోసం ఆగేలా లేవు. నీ చెవి మిషన్ గురించి కూడా ఒక పేరా రాశాను, చెవులు కోయించుకోవద్దు.

నేను సీనియర్ అసిస్టెంట్‌గానే ఉన్నాను.

దివాకర్


సిరిసిల్ల,
జూలై 12

కళావతికి ఎటువంటి సంబంధమూ లేని, ఇకముందు కూడా ఉండబోని దివాకర్‌కు,

అలేఖ్య రాస్తుంది. రెండుసార్లు రాయిచ్చి చింపిన, గిది మూడోది. నేను జెప్పేది జెప్పినట్టు రాయుమన్న. ఒక్క మాట దిద్దినా గా పోరికి బువ్వ పెట్ట.

నీ కాయిదం దొరికింది. మీ బావ దాసిపెట్టిండు గని మొగోళ్లకు దాసుడు ఎక్కడస్తది. తహసీల్దార్ ముంగట నిలవడి సదివినవట గదా. నీకు నోరెట్ల అచ్చిందిరా? సదివిందంత ఒక ఎత్తు, ఇకముందు గూడ ఉండబోదు అన్నది ఒక ఎత్తు. నేను సచ్చినంక గూడ నీకేం గానా? రెండు దినాలు నాకు బువ్వ సైసలేదు.

గా తర్వాత ఫైలు అడుగున ఇంకో కాయిదం దొరికింది. ఆపరేషన్ కాయిదం. రోగితోటి సంబంధం అన్నకాడ 'తమ్ముడు' అని రాసినవ్. అక్షరాలు వంకర టింకర ఉన్నయి. నువ్వు చిన్నప్పటి సంది గంతే, భయమైతే రాత పాడైతది. గా రాత జూసి ఏడ్సిన. గుండెకు కుట్లున్నయి, ఏడ్వద్దమ్మా అని నీ మేనకోడలు మొత్తుకున్నది. మొదటి కాయిదం పొయ్యిల పెట్టి చాయ్ కాసిన. గా చాయ్ మీ బావకు గూడ పోసిన, తాగిండు. రెండోది బీరువల నా పెండ్లి చీర మడతల పెట్టిన.

గిప్పుడు ఇను. మల్ల ఫారాలు అస్తయట గదా. ఏడో గడి తీసేసిండ్రట. తీసేసుకోండ్రి. ఎనిమిదో దాంట్ల రాస్త, తొమ్మిదో దాంట్ల రాస్త. నువ్వు దిద్దుకుంట కూసో, నీ నౌకరే గది.

నిన్న దవాఖానకు పోయిన, కుట్లు జూపియ్యనీకి. గా కౌంటర్ కాడి పిలగాడు నా కార్డు జూసి "అంత మంచిగనే ఉందమ్మా, గిప్పుడు నడుస్తది" అన్నడు. ఎందుకు నడువదు, నన్ను తమ్ముడు లేనిదాన్ని జేసి నడిపిచ్చిండ్రు. నీ మోకాలి సంగతి మీ బావ జెప్పిండు. దాసుడు ఆయనతోని కాదని ముందే జెప్పిన గదా. నెత్తికి ఎక్కిన కోపమంత గా మోకాలి మాటతోని దిగింది. డిసెంబర్ సంది కుంటుకుంట, నా కోసం మెట్లెక్కి దిగినవారా?

అందుకే గా పిలగాన్ని అడిగిన. "బిడ్డా, నా కార్డు మీద మా తమ్ముని మోకాలు జూస్తరా?" అని. కంప్యూటర్ల కొట్టి జూసిండు. తమ్ముడు కుటుంబం కిందికి రాడట.

రాఖీ పున్నానికి రా. మెల్లగ రా.

మీ అక్క